పిలవకుండా పోవాలి

మా మఠం జూబిలీ సంచికకు నన్నొక వ్యాసం రాసివ్వమన్నారు. అంశం కూడా వాళ్ళే పంపారు: "స్థాపక స్ఫూర్తిని నేటి కాలంలో సజీవంగా నిలుపుకోవడం". రెండు పేజీలు చాలట, ఒక ఫోటో కావాలట. రాసిచ్చాను. ఇది ఆ వ్యాసం కాదు. ఆ వ్యాసం చదివి ఎవరైనా మోసపోతారేమోనన్న భయంతో రాస్తున్నది. వచ్చే ఏడు మాటపట్టు, అంటే మఠవ్రతాలు, తీసుకుని సిస్టర్లు కాబోయే పిల్లలకు, అందులోనూ నర్సింగ్ చదివి వస్తున్నవాళ్ళకు, ఇది చేరితే చాలు.

నాకు డెబ్బై నాలుగు. పేరు ఫిలోమినా. బుచ్చిరెడ్డిపాలెం పక్కన వడ్లు పండే ఊళ్ళో పుట్టాను. ఇరవై రెండేళ్ళు సముద్రం ఒడ్డున నర్సుగా పనిచేశాను, కాన్పులు చేశాను. తర్వాత తొమ్మిదేళ్ళు నొవిషియేట్‌లో, అంటే మఠంలో కొత్తగా చేరిన పిల్లలకు శిక్షణ ఇచ్చేచోట, పాఠాలు చెప్పాను. ఏ పదవి ఎప్పుడు వచ్చిందో రాయను. ఎవరికి కావాలి అవి? ఒక ఇంటి సంగతి రాస్తాను. ఆ ఇంటిని మూసెయ్యాలా ఉంచాలా అని ఈ మధ్యే మాలో మేం కొట్టుకు చచ్చాం.

వంకర అక్షరాల వాక్యం

మా మఠాన్ని స్థాపించిన ఆవిడను మేం పెద్దమదర్ అంటాం. పరాయి దేశం నుంచి నర్సుగా వచ్చింది. నేను ఆమెను చూడలేదు. ఆమెకు తెలుగు ఎవరూ పలకా బలపం పట్టించి నేర్పలేదు. ముత్తుకూరు అవతల ఒక పాళెంలో, చేపల గంపలు నెత్తిన పెట్టుకుని ఊళ్ళమీదికి పోయే ఆడవాళ్ళ పక్కన నడుస్తూ నేర్చుకుంది. అందుకే ఆమెది ప్రార్థన పుస్తకాల తెలుగు కాదు.

మఠం నియమాలన్నీ తన భాషలోనే ఒక నోటుబుక్కులో రాసుకుంది. అందులో తెలుగు వాక్యం ఒక్కటే ఉంది. ఒక పేజీ అడుగున, వంకర అక్షరాలతో: "పిలవకుండా పోవాలి". దానికి ముందేమీ లేదు, వెనకేమీ లేదు.

ఆ రెండు మాటల మీద మేం చేసిన వ్యాఖ్యానాలు అన్నీ ఇన్నీ కావు. పేదవాళ్ళు అడక్కముందే సేవ చేయాలని కొందరన్నారు. కాదు, జనాన్ని మన దగ్గరికి పిలవకూడదు, బడులూ ఆస్పత్రులూ కట్టకూడదు, మనమే పోవాలి అని ఇంకొందరన్నారు. ఈ గొడవలో ఒకామె అలిగి వేరే మఠానికి వెళ్ళిపోయింది కూడా. మూడో అర్థం ఇంకా సూక్ష్మం. 'పోవాలి' అంటే వెళ్ళిపోవాలి అని. పని అయిపోయాక చప్పుడు చేయకుండా ఆ చోటు వదిలి తప్పుకోవాలన్నమాట. ఆ వాక్యాన్ని క్యాలెండర్ల మీద వేశాం, చేతిసంచుల మీద వేశాం, ఒక పండక్కి కేకు మీద కూడా రాయించాం.

స్థాపకులకు దేవుడిచ్చిన ప్రత్యేకమైన వరాన్ని మా భాషలో కారిజం అంటారు. నాతో పాటు చేరిన ఒక పిల్ల ఆ మాట మొదటిసారి విని, "అది ఏ డబ్బాలో ఉంటాది సిస్టర్?" అని అడిగింది. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. ఇప్పుడనిపిస్తుంది, మా అందరికంటే ఆ పిల్లే నయం. కనీసం మూత తీసి వాడుకునే వస్తువనుకుంది.

ఏమీ అడగబాక

మాటపట్టు తీసుకున్న ఏడే నన్ను ఆ పాళెంలోని మా ఇంటికి పంపారు. ఆ ఇంటిని నడిపేది మదర్ ఆగ్నెస్. తడ వైపు మనిషి. కోపం వస్తే సగం అరవం, సగం తెలుగు. పాళెంలో ఉన్నవాళ్ళంతా చేపలు పట్టే హిందూ కుటుంబాలు. మా మతంతో వాళ్ళకు పని లేదు, వాళ్ళను మార్చాలని మాకూ లేదు.

మొదటిరోజు ఉత్సాహంగా చెంగమ్మ అనే ఆమె ఇంటికి వెళ్ళాను. నాకంటే పదేళ్ళు పెద్దది, గంపెత్తే మనిషి, నోరు పెద్దది. చేతిలో పుస్తకం, పెన్ను, బీపీ మిషను పెట్టుకుని గడపలో నిలబడి మొదలుపెట్టాను. పిల్లలెందరు, నీళ్ళు కాచి తాగుతారా, మరుగుదొడ్డి ఉందా?

చెంగమ్మ చేపలు కడుగుతున్నదల్లా తలెత్తింది. "పిలిచిందెవురమ్మా నిన్ను? పిలవని పేరంటానికి వచ్చిందే గాక, మా ఇంట్లో కుండలెన్ని, చట్లెన్ని అని ఆరా తీస్తా ఉండావే!"

చుట్టుపక్కల ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. ఏడ్చుకుంటూ మఠానికొచ్చాను.

మదర్ ఆగ్నెస్ బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆపకుండానే అడిగింది. "ఏం తీసుకోని పోయినావు?"

చెప్పాను.

"అవన్నీ ఇక్కడ పెట్టేసి రేపు మళ్ళీ పో. పోయి కూచో. ఏమీ అడగబాక."

"ఎంతసేపు కూచోవాల మదర్?"

"నువ్వు ఉండావనే సంగతి వాళ్ళు మర్చిపోయేదాకా."

వెళ్ళి కూర్చున్నాను. మూడు రోజులు నన్నెవరూ పట్టించుకోలేదు. కుక్క కూడా మొరగడం మానేసింది. నాలుగో రోజు చెంగమ్మ ఒక చేటెడు నెత్తళ్ళు తెచ్చి నా ముందు పోసింది. "ఊరికే కూచున్నావు గదా, ఈ తలకాయలన్నా గిల్లు." వడ్ల ఊరి దాన్ని, నాకేం తెలుసు? తల గిల్లబోతే సగం చేప ఊడొచ్చేది. "ఓయమ్మో! నీ చేతికిస్తే పిల్లికి కూడా మిగలదే!" అని నవ్వింది. ఆరో రోజు నా పక్కన చతికిలబడి, చీర అంచు కొంచెం పైకెత్తి, పిక్క మీద పుండు చూపించింది. రెండేళ్ళుగా మానడం లేదట. నేను అడిగి ఉంటే చచ్చినా చెప్పేది కాదు.

మదర్ ఆగ్నెస్ దేవత అని రాయను. జ్వరంతో ఉన్న సిస్టర్ని కూడా ఎండలో ఇళ్ళకు పంపేది. అలా ఒక మంచి పిల్ల విసిగిపోయి మఠం వదిలిపెట్టింది. ఆ పాపం ఆమెదే. కానీ నర్సుపనిలో నేను నేర్చుకున్న పెద్ద పాఠం ఆ బియ్యం చేట ముందే నేర్చుకున్నాను. నేర్చుకోవడం ఒక ఎత్తు, నిలుపుకోవడం ఇంకో ఎత్తు.

టోకెన్లు

మదర్ ఆగ్నెస్ బదిలీ అయ్యాక ఆ ఇల్లు నా చేతికి వచ్చింది. దాతలు దొరికారు. గచ్చు నేల, రెండు గదులు, వరండాలో బల్లలు, ముందు గేటు, గేటు పక్కన గంట. అన్నీ నా హయాంలో వచ్చినవే. మంగళవారం గర్భిణులు, గురువారం చంటిపిల్లలు. ముందొచ్చినవాళ్ళకు ముందు టోకెను. ఆ టోకెన్లు అట్టముక్కలతో నేనే కత్తిరించి, అంకెలు కూడా నేనే వేశాను. ఎంత మురిసిపోయానో!

వరండా నిండా జనం. బిషప్పు గారి దగ్గర్నుంచి ఎవరొచ్చినా "ఎంత పద్ధతిగా ఉంది సిస్టర్!" అనేవారు. ఇంతమంది మన గడపకే వస్తుంటే ఇంకా ఇళ్ళ వెంట తిరగడమెందుకు అనుకున్నాను. ఇళ్ళకు వెళ్ళడం రోజూ పోయి వారానికొకసారి అయింది, తర్వాత పండగలకు అయింది. ఎవరూ నిర్ణయం తీసుకోలేదు. ఏ మీటింగులోనూ తీర్మానం చేయలేదు. స్ఫూర్తి పోవడానికి తీర్మానాలు అక్కర్లేదమ్మా, మెచ్చుకోలు చాలు.

చెంగమ్మ ఒక్కతే ఎత్తిపొడిచేది. "మీరు పెద్దోళ్ళైపోయినారులే సిస్టరమ్మా. టోకెను లేకపోతే మా మొగం గుర్తుపట్టరు." నేను నవ్వేసేదాన్ని.

కావేరి రాని మంగళవారం

చెంగమ్మ కోడలు కావేరి. చూలింత, తొలికాన్పు. ఎనిమిదో నెలలో ఒక మంగళవారం వచ్చినప్పుడు పాదాలకు నీరు పట్టి ఉంది, బీపీ కొంచెం ఎక్కువ చూపించింది. "ఉప్పు తగ్గించు. వచ్చే మంగళవారం తప్పకుండా రావాల, తెలిసిందా?" అన్నాను. తల ఊపింది.

ఆ గురువారమే చెంగమ్మ భర్త సముద్రంలో పోయాడు. అలకు పడవ తిరగబడింది. శవాన్ని మా గేటు ముందునుంచే తీసుకుపోయారు. అది చంటిపిల్లల రోజు. వరండాలోకి వచ్చి, సిలువ గుర్తు వేసుకుని, చేతులు జోడించి, మళ్ళీ లోపలికి వెళ్ళి తర్వాతి బిడ్డను తూకం వేశాను. గేటు దాటలేదు.

మంగళవారం కావేరి రాలేదు. మా దగ్గర పనిచేసే ఆయా చెప్పింది. "మైల గదా సిస్టర్. పదారో రోజు పెద్దకర్మ అయ్యేదాకా వాళ్ళు ఒకరి గడప తొక్కరు."

"సర్లే, అయినాక వస్తుందిలే," అన్నాను.

ఈ మాట అన్నది నేనే. కాళ్ళకు నీరు పట్టిన తొలిచూలు పిల్ల, బీపీ పెరుగుతున్న పిల్ల. ఏమవుతుందో పాఠం చదువుకున్నదాన్ని, పరీక్ష రాసినదాన్ని. మా గేటు నుంచి వాళ్ళ ఇంటికి నడిస్తే పది నిమిషాలు. ఆ తర్వాతి మంగళవారం కూడా రాలేదు. ఆమె పేరు పక్కన 'రాలేదు' అని రాసి, ఇంకొకరిని పిలిచాను.

రెండు రోజుల తర్వాత మిట్టమధ్యాహ్నం నులకమంచం మీద మోసుకొచ్చారు. ఫిట్స్ వచ్చి నాలుక కరుచుకుంది, నోట్లో నెత్తురు. మోసుకొచ్చినవాళ్ళు మంచాన్ని గేటు బయటే దించి నిలబడ్డారు. మైల మనుషులం, లోపలికి ఎలా తేవడమని. "రండయ్యా లోపలికి, మీ మైల తగలెయ్యా!" అని అరిచాను. అరిచేసి నేనే బయటికి పరిగెత్తాను. ఇంజక్షన్ ఇచ్చి, జీపులో నెల్లూరు తీసుకుపోయాం. కావేరి బతికింది. బిడ్డ కడుపులోనే పోయింది. ఆడపిల్ల.

ఆస్పత్రి వరండాలో చెంగమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మొగుడు పోయి రెండు వారాలు, మనవరాలు పోయి ఒక గంట. నేనేం చేశానో వినండి. ఓదార్చలేదు. పక్కన కూర్చోలేదు. నిలబడి కోప్పడ్డాను. "ముందే ఎందుకు పిలవలేదు చెంగమ్మా? ఒక్క మాట కబురు పెడితే నేను వచ్చేదాన్ని గదా!"

చెంగమ్మ తలెత్తి చూసింది. "చెడ్డకు పిలస్తారా ఎవురన్నా?" అంది. "మంచికి పిలిస్తే పోవాల, చెడ్డకు పిలవకుండా పోవాల. ఆ మాత్రం తెలీదా సిస్టరమ్మా నీకు? మా అత్తే చెప్పింది ఈ మాట మీ తెల్లమదర్‌కు. ఆమెకు ఎక్కింది. మీకు ఎక్కలా."

ఏడ్చానో లేదో కూడా గుర్తులేదు.

పెద్దమదర్ రాసుకున్నది కొత్త సూక్తి కాదు, వేదాంతం అంతకన్నా కాదు. ఒక గంపెత్తే ఆడమనిషి చెప్పిన మాటలో సగం. రెండో సగం. మొదటి సగం రాసుకోలేదు, బహుశా అవసరం లేదనుకుంది. పెళ్ళికి గడపగడపకూ పోయి బొట్టుపెట్టి పిలుస్తాం. చావుకు ఎవరూ బొట్టుపెట్టి పిలవరు. విన్నవాళ్ళు పోవాలి, వినకపోతే తెలుసుకుని పోవాలి. మా నాయనమ్మ కూడా అనేది ఈ మాట. పుట్టినప్పటి నుంచి విన్న మాటే. కానీ అదే మాట మఠం నోటుబుక్కులో కనిపించేసరికి, లామినేషన్ చేసి గోడకు తగిలించేసరికి, మా ఇంటి మాటను నేనే గుర్తుపట్టలేకపోయాను. మాలో తెలుగు రాని సిస్టరంటూ ఎవరూ లేరు. ఒక్కరికీ తట్టలేదు. ఇంతకంటే సిగ్గుచేటు ఏముంది?

నా చార్టు

ఈ సంగతి మఠంలో ఎవరికీ చెప్పలేదు. ఆ అర్థం చెబితే ఎలా తెలిసిందని అడుగుతారు. అడిగితే కావేరి పేరు చెప్పాలి. మూడు నెలలకు బదిలీ అడిగి తీసుకున్నాను. కొన్నాళ్ళకు నొవిషియేట్ పిల్లలకు పాఠాలు చెప్పమని నన్నే పెట్టారు. మంచి నర్సునని పేరుండేది మరి.

ఏం చెప్పాను? ఒక పెద్ద చార్టు మీద రంగు స్కెచ్ పెన్నులతో పెద్దమదర్ వాక్యం రాసి, దాని కింద మూడు అర్థాలూ మూడు గడుల్లో రాశాను. నాలుగో అర్థం, అంటే అసలైన అర్థం, నా కడుపులో పెట్టుకుని తొమ్మిదేళ్ళు ఆ మూడింటినీ బట్టీ పట్టించాను. అబద్ధం చెప్పలేదు. నిజం చెప్పకుండా గంటలు గంటలు మాట్లాడటం మాత్రం బాగా వంటబట్టింది. ఆ విద్య మనలాంటి వాళ్ళకు తొందరగానే వస్తుంది, జాగ్రత్త.

ఆ క్లాసులో ముందు బల్ల మీద కూర్చుని శ్రద్ధగా రాసుకున్న పిల్ల విమల. ఇప్పుడు మా అందరికీ పెద్ద, మదర్ విమల. నిజాయితీ గల మనిషి, పనిమంతురాలు. ఆమె మీద నాకే ఫిర్యాదూ లేదు. పోయినేడు ఆమె ఒక ఉత్తరం పంపింది. సముద్రం ఒడ్డును కోసుకుంటూ రావడంతో పాళెం జనమంతా రెండు కిలోమీటర్లు లోపలికి, కొత్త కాలనీలోకి మారిపోయారు. మా ఇల్లు మాత్రం పాతచోటే ఉంది, మొండిగోడల మధ్య. అందులో ముగ్గురు సిస్టర్లు. ఇద్దరు ముసలివాళ్ళు, ఒకతి జ్యోతి అని నర్సు, వయసుపిల్ల. "ఇప్పుడు అక్కడికి ఎవరూ రావడం లేదు. పెద్దమదర్ చెప్పినట్టే, మన పని అయిపోయిన చోటు నుంచి ఎవరూ చెప్పకముందే మనం తప్పుకోవాలి. 'పిలవకుండా పోవాలి' అన్న మాటకు మూడో అర్థం ఇదే కదా," అని రాసింది.

నా చార్టు. మూడో గడి. ఆకుపచ్చ స్కెచ్ పెన్ను.

ఆ ఉత్తరం చదివినప్పటి నుంచి ఒక చోట కుదురుగా కూర్చోలేకపోయాను. జపమాల చేతిలో పట్టుకుంటే ఎన్నో పూసలో ఉన్నానో తెలిసేది కాదు. మా అమ్మ పెట్టిన పేరులాంటిది ఆ ఇల్లు మా మఠానికి. పెద్దమదర్ నడిచిన చోటు అదొక్కటే మిగిలింది. దాన్ని నేను రాసిన అబద్ధపు అర్థంతో మూస్తున్నారు.

చెయ్యెత్తిన రోజు

మీటింగు పెట్టారు. పనిలో ఉన్నవాళ్ళూ, నాలాంటి రిటైరైనవాళ్ళూ అందరూ చెయ్యెత్తాలి. జ్యోతి లేచి, "మేము ఉంటాం మదర్. నన్ను పంపేయబాకండి," అంది.

"ఉండి ఏం చేస్తావమ్మా?" అంది విమల, మెత్తగానే. "రోజుకు నలుగురు వస్తా ఉండారు, బీపీ చూపించుకోను. ఇక్కడ టౌన్ బడిలో సిస్టర్లు చాలక చస్తా ఉండాం."

జ్యోతి కళ్ళనీళ్ళు పెట్టుకుని కూర్చుంది. నేను బల్ల పట్టుకుని లేచాను. నులకమంచం సంగతి చెప్పాను. 'అయినాక వస్తుందిలే' అన్న మాట చెప్పాను. చెంగమ్మ అన్నది అన్నట్టే చెప్పాను. విమలా, నేను నీకు నేర్పింది తప్పు, ఎవరూ రావడం లేదని ఆ ఇల్లు మూయడానికి అది వాళ్ళు వచ్చే ఇల్లు కాదు, మనం బయల్దేరే ఇల్లు అని చెప్పాను. పాపసంకీర్తనంలో ఫాదర్ దగ్గర కూడా ఇంత వివరంగా ఎన్నడూ చెప్పుకోలేదు.

విమల ఏడుస్తూ అడిగింది. "ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు సిస్టర్?"

"సిగ్గు, విమలా. ఇంకేముంది?" అన్నాను.

చేతులు లేచాయి. ఇల్లు ఉంచాలని. విమల కూడా ఎత్తింది. జ్యోతి పరిగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుంది. ఒకరి తర్వాత ఒకరు వచ్చి నా చేతులు పట్టుకున్నారు. జూబిలీ సంచికకు రాయమన్నది అప్పుడే. "ఇది అందరూ చదవాల సిస్టర్. మన కారిజం అంటే ఇదీ అని తెలియాల," అన్నారు. రాశాను. బాగా రాశాననే చెప్పాలి. చదివి ప్రెస్సు అబ్బాయి కూడా కళ్ళు తుడుచుకున్నాడట.

ముప్పై ఏళ్ళ బరువు దిగిపోయిందనుకున్నాను. ఇల్లలకగానే పండగ కాదు.

కావేరి అన్నది

ఆ మరుసటి వారం జ్యోతిని వెంటబెట్టుకుని ఆటోలో కాలనీకి వెళ్ళాను. ఇల్లు మూయడం లేదన్న కబురు కావేరికి నా నోటితోనే చెప్పాలని. క్షమించమని కూడా అడగాలని. ఆటోలో రెండుసార్లు మనసులో వల్లెవేసుకున్నాను.

కావేరి ఇంటి ముందు పట్ట మీద ఎండుచేపలు తిరగేస్తోంది. జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుంది. "ఎవురూ... సిస్టరమ్మా? నడవలేక పోతా ఉండావే! రా, నీడకు రా, కూచో."

ప్లాస్టిక్ కుర్చీ వేసింది. కూర్చున్నాను. జ్యోతి నా పక్కన నిలబడింది.

"కావేరీ, పాతూళ్ళో మా ఇల్లు మూసేస్తామన్నారు. మూయడం లేదు. మీటింగులో నీ సంగతి చెప్పినా. నీ బిడ్డ సంగతి."

కావేరి చేతిలో చేప చేతిలోనే ఉంది. "ఆ బిడ్డ ఇంకా గుర్తుండాదా మీకు?"

"ఎట్టా మర్చిపోతా? ఆ పొద్దు నేను రాలా. రెండు వారాలు నువ్వు రాకపోతే నేనన్నా రావాల గదా. తప్పు నాదే, కావేరీ."

కావేరి చేపను పట్ట మీద పెట్టి, చేతులు చీరకు తుడుచుకుంది.

"అప్పుడు రాలేదని కాదు సిస్టరమ్మా నా బాధ. వచ్చినా బతికేదో లేదో, ఎవురికి తెలుసు? ఆస్పత్రి నించి వచ్చినాక ఇంట్లోనే పడుండా గదా. బిడ్డ లేదు, పాలు మాత్రం పడినాయి. రొమ్ములు రాళ్ళై సలుపుతా ఉంటే ఏం చేసుకోవాల్నో తెలీక గోడకు తలకాయ కొట్టుకున్నా. చచ్చిన బిడ్డ తల్లని ఎవురూ దగ్గరకు రాలా. సిస్టరమ్మ వస్తాదిలే, ఆమెకు తెలుసు ఇయ్యన్నీ, అని వాకిలి తట్టు చూసేదాన్ని. ఆ తరవాత ఒక్కసారన్నా రాకపోతివే. అదీ నాకు."

నేను కాన్పులు చేసినదాన్ని. బిడ్డ పోయిన తల్లికి మూడో రోజు పాలు పడతాయని నాకు తెలుసు. గట్టిగా గుడ్డ కట్టి, చల్లటి పట్టీలు వేస్తే నొప్పి తగ్గుతుందని తెలుసు. ముప్పై ఏళ్ళు నా తప్పు ఏదో ఒక మంగళవారం చేసినదనుకుని దాన్నే తవ్వుకుంటూ, దాన్నే మీటింగులో చెప్పి అందరినీ ఏడిపించి వచ్చాను. ఆ తర్వాతి మంగళవారాలు, గురువారాలు, ఆ మూడు నెలలు, మొహం చెల్లక నేను గేటు దాటని రోజులన్నీ నా లెక్కలోకే రాలేదు. ఈ తప్పు నా పేరున ఉందని కూడా నాకు తెలియదు.

వల్లెవేసుకున్నదంతా ఎగిరిపోయింది. మాట మార్చాను, పిరికిదాన్ని.

"మీ అత్త ఏదీ? చెంగమ్మకు కూడా నేను చెప్పుకోవాల."

కావేరి నన్నూ జ్యోతినీ మార్చి మార్చి చూసింది.

"అత్తా? అత్త పోయి నాలుగు నెల్లైంది గదా సిస్టరమ్మా."

జ్యోతి నా వైపు వంగింది. "డప్పులు వినపడినాయి సిస్టర్ ఒకరోజు," అంది నాతో, గొంతు తగ్గించి. "ఆ పొద్దు పేషెంట్లు ఉండారు. ఎవురో ఏమో అనుకున్నా."

నోరు తెరిచాను. ముందుగా ఏ మాట వస్తుందో నాకే తెలియదు. వచ్చేసింది.

"మాకెవరూ చెప్పలేదే, కావేరీ," అన్నాను.